వాన అందరిదీ, గంగాళం కొందరిది

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు చుట్టుపక్కల పేటల్లో ఉండి చదువుతున్నవారికి, కువైట్‌లో, దోహాలో, మస్కట్‌లో పని ముగించుకుని రాత్రివేళ ఫోనులో చదువుకుంటున్న మన అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు కూడా ఈ మాటలు.

ఈసారి నీళ్ళ చరిత్ర రాస్తున్నాను. గోదావరి చరిత్ర, కాటన్ దొరగారి చరిత్ర చాలామంది రాశారు. నేను రాసేది ఇంటి కప్పు మీద పడే వాన నీటి చరిత్ర. మన ప్రాంతానికి పడమట వశిష్ఠ, తూర్పున వైనతేయ, దక్షిణాన సముద్రం. ఇన్ని నీళ్ళ మధ్య బతుకుతూ ఎండాకాలంలో తాగే నీళ్ళు టిన్నుల లెక్కన కొనుక్కుంటున్నాం. జూన్ నుంచి నవంబరు దాకా మన స్లాబుల మీద పడే నీళ్ళు గొట్టంలోంచి దిగి రోడ్డు మీదికి, అక్కడి నుంచి డ్రెయిన్‌లోకి పోతున్నాయి. ఇలా ఎందుకు జరిగిందో తెలుసుకోవాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

ఉప్పు మీద తేలే తీపి

మన నేల గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు, సముద్రం ఎత్తి పోసిన ఇసుక. పై పొర తియ్యగా ఉన్నా కింద ఉప్పు ఉంటుంది. అంతర్వేది, కేశనపల్లి వైపు ఎవరినడిగినా చెబుతారు. ఇసుక మెరకలో నాలుగు మూరలు తవ్వితే మంచినీళ్ళు పడతాయి. ఇంకా మంచివి వస్తాయేమోనని లోతుకు బోరు దింపితే ఉప్పునీళ్ళు వస్తాయి.

దీనికి కారణం తేలికైనదే. వాన నీరు ఉప్పు నీటి కంటే తేలిక. ఇసుకలో ఇంకిన వాన కింద ఉన్న ఉప్పు నీటి మీద తెట్టులా తేలుతూ నిలుస్తుంది. సముద్ర మట్టానికి పైన 1 అడుగు మంచినీరు నిలిస్తే దాని కింద సుమారు 40 అడుగుల దాకా మంచినీరు ఉంటుందని 19వ శతాబ్దం చివర్లో ఒక డచ్చి ఇంజనీరు, ఆ తర్వాత ఒక జర్మన్ ఇంజనీరు విడివిడిగా లెక్క కట్టారు. ఈ లెక్కను తిరగేసి చూస్తే భయం వేస్తుంది. పైన 1 అడుగు నీళ్ళు తోడేస్తే కింద 40 అడుగులు ఉప్పు పైకి లేస్తుంది.

మన తెలుగు తీరం పల్లెవాళ్ళకు ఈ లెక్క తెలియకపోయినా ఈ సంగతి తెలుసు. బాపట్ల, ప్రకాశం, నెల్లూరు ఇసుక నేలల్లో 'దొరువు' అనే మాట ఉంది. దొరువు అంటే ఇసుకలో వెడల్పుగా, లోతు తక్కువగా తవ్వుకున్న గుంట. పక్కల నుంచి ఊరిన మంచినీటిని కడవలతో ముంచి నారుమళ్ళకు పోసేవారు. లోతుకు పోకుండా పైపైన మీగడ తీసినట్టు తీసుకోవడమే దొరువు రహస్యం. తర్వాత బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం వాళ్ళు ఈ పద్ధతినే మెరుగుపరిచి రైతులకు చూపించారు.

కాబట్టి మన తీరంలో నూతిలోని మంచినీళ్ళు చాలావరకు నిన్నటి వానే. ఆకాశం నుంచి వచ్చి ఇసుకలో ఆగిన నీళ్ళను మనం నూతి నీళ్ళంటున్నాం.

ఇంటికొక తొట్టి తవ్వించిన రాజు

వాన నీళ్ళు ఇంట్లో పట్టి దాచుకోవడం బైబిలు దేశాల్లో బతుకుతెరువు. అక్కడ గోదావరిలాంటి నది లేదు. యొర్దాను ఉన్నా అది లోయ అడుగున పారుతుంది. యెరూషలేము కొండ మీద ఉంది. అందుకే రాతిని తొలిచి తొట్లు చేశారు. మూతి ఇరుకుగా, లోపల పొట్ట వెడల్పుగా ఉండేది. నీరు ఇంకిపోకుండా లోపల సున్నం మెత్తేవారు. యోసేపును అన్నలు పడవేసినది నీళ్ళు లేని అలాంటి గుంటే. యిర్మీయా ప్రవక్తను తాళ్ళతో దింపితే బురదలో కూరుకుపోయినదీ అలాంటి దానిలోనే. మూతి ఇరుకు కాబట్టే లోపల పడ్డవాడు సొంతంగా ఎక్కి రాలేకపోయాడు. రెండవ దినవృత్తాంతములు 26వ అధ్యాయంలో ఉజ్జియా రాజు పశువుల కోసం ఎన్నో తొట్లు తొలిపించాడని ఉంది.

అన్నిటికన్నా నాకు ముఖ్యంగా తోచేది మోయాబు రాజు మేషా సంగతి. రెండవ రాజుల గ్రంథం 3వ అధ్యాయంలో ఈయన పేరు మనం చదువుతాం. 1868లో క్లైన్ అనే మిషనరీకి మృత సముద్రానికి తూర్పున ధిబాన్ అనే ఊరిలో ఒక నల్లరాతి శాసనం కనిపించింది. అది ఈ మేషా వేయించినదే. సుమారు 2,800 ఏళ్ళ కిందటిది. ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అందులో రాజు తన విజయాలు చెప్పుకుంటూ ఒక చిన్న సంగతి కూడా చెక్కించాడు. ఆ పట్టణంలో నీళ్ళ తొట్టి లేదట. ఎవరి ఇంట్లో వారు తొట్టి చేసుకోవాలని ప్రజలందరికీ తాను ఆజ్ఞ ఇచ్చానని ఉంది. కోటలు, యుద్ధాలు, గుళ్ళతో పాటు ఇంటింటి తొట్టి కూడా రాతికి ఎక్కదగిన సంగతి అని ఆ రాజు అనుకున్నాడు.

అదే గ్రంథం 18వ అధ్యాయంలో అష్షూరు సేనాధిపతి యెరూషలేము గోడ కింద నిలబడి జనాన్ని లొంగదీసుకోవాలని చూస్తాడు. అతను చూపించిన ఆశ ఏమిటంటే, లొంగిపోతే ఎవరి చెట్టు పండు వారు తినవచ్చు, ఎవరి తొట్టి నీళ్ళు వారు తాగవచ్చు. శత్రువుకు కూడా తెలుసు, సొంత తొట్టి ఉన్నవాడే స్వతంత్రుడని. ఈ మాట గుర్తుంచుకోండి. మన ఊరి చరిత్రలోకి ఇప్పుడు వస్తున్నాం.

మండువా లోగిలి, తాటాకు పాక

కోనసీమలో పాత మండువా లోగిళ్ళు ఇంకా కొన్ని నిలిచి ఉన్నాయి. చుట్టూ వసారాలు, గదులు, మధ్యలో ఆకాశం కనిపించే పల్లపు చౌకం ఉంటాయి. నాలుగు వైపుల పెంకుల వాలు లోపలికే ఉంటుంది. వాన వస్తే కప్పు మీద పడ్డ నీళ్ళన్నీ ఆ చౌకంలోకి దిగి, తూము గుండా బయటికి పోతాయి. మొదటి వాన పెంకుల మీది దుమ్ము కడిగేదాకా ఆగి, ఆ తర్వాత చూరు కింద గంగాళాలు, ఇత్తడి బిందెలు పెట్టేవారు. వాన నీటితో పప్పు తొందరగా ఉడుకుతుంది, బట్టల మురికి బాగా వదులుతుంది. ఉప్పునీళ్ళ ఊళ్ళలో ఈ తేడా ఆడవాళ్ళకు బాగా తెలుసు.

ఇక పేటల సంగతి. మన తాతల ఇళ్ళు తాటాకు పాకలు, కొబ్బరాకు కప్పులు. ఆకుల మీద నుంచి జారిన వాన తేనీరు రంగులో దిగుతుంది. వాసన వస్తుంది, పురుగు పుట్ర కలుస్తుంది. తాగడానికి పనికిరాదు. పనికొచ్చినా పట్టడానికి గంగాళం ఏది? ఉన్న రెండు మట్టి కుండలు నిండితే అక్కడితో సరి. మిగతా వాన వాకిట్లో బురద చేసి పోయేది. వాన కాలం పేటకు నీళ్ళ కాలం కాదు, కారుతున్న కప్పుల కాలం.

మత్తయి 5వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాట మనకు తెలుసు. తండ్రి నీతిమంతుల మీదా అనీతిమంతుల మీదా వాన ఒకేలా కురిపిస్తాడు. లోగిలి మీదా పాక మీదా కూడా అలాగే కురిపించాడు. ఒకే ఊరు, ఒకే ముసురు, ఒకే మబ్బు. తేడా పైనుంచి రాలేదు. కింద పెంకు ఎవరిది, ఆకు ఎవరిది, గంగాళం ఎవరిది అన్న దగ్గర వచ్చింది. ఆ లోగిలి గాదెలోని ధాన్యం కోసిన చేతులు ఆ గంగాళాన్ని ముట్టుకోవడానికి వీలులేదు.

కాలువ వచ్చింది, రేవు అడ్డు పడింది

1833 నాటి పెద్ద కరువు తర్వాత గోదావరి జిల్లా చితికిపోయింది. నీళ్ళున్న నది పక్కనే జనం ఆకలితో చచ్చిపోయారు. సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేశారు. కాని ఆ నీళ్ళు మన రాజోలు వైపు రావాలంటే వైనతేయ అడ్డం. ఈ ప్రాంతాన్ని అప్పట్లో నగరం దీవి అనేవారు. అందుకని గన్నవరం దగ్గర నది మీదుగా 49 ఖానాల అక్విడెక్టు కట్టి, కింద నది, పైన కాలువ పారేలా చేశారు. ఆ పని నడిపిన యువ ఇంజనీరు లెఫ్టినెంట్ హేగ్. తర్వాతి కాలంలో దుమ్ముగూడెంలో కోయవారి మధ్య సువార్త పని మొదలవడానికి ముఖ్య కారకుడు కూడా ఆయనే. ఆ పాత కట్టడం సుమారు నూట యాభై ఏళ్ళు మనకు నీళ్ళు మోసింది. 2000లో దాని పక్కన కొత్తది వచ్చింది. ఆకలితో వచ్చినవారెవరైనా లేదనకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు దానికి పెట్టారు.

ద్వితీయోపదేశకాండము 11వ అధ్యాయంలో మోషే రెండు రకాల నేలల్ని పక్కపక్కన పెట్టి చూపిస్తాడు. ఒకటి ఐగుప్తు, కూర తోటకు కట్టినట్టు కాలితో నీరు మళ్ళించుకునే నేల. రెండోది వాగ్దాన దేశం, ఆకాశపు వాన తాగే నేల. మొదటిదానిలో మనిషి కాలువ వైపు చూస్తాడు, రెండోదానిలో పైకి చూస్తాడు. కాటన్ దొరగారి తర్వాత మన కోనసీమ ఐగుప్తులాగే పచ్చబడింది. దానికి దేవునికి స్తోత్రం. కాని కాలువ వచ్చాక పైకి చూడటం మానేశాం. ఊరి మంచినీళ్ళ చెరువు కాలువతో నింపుకోవచ్చు. బురద నీళ్ళయితే కుండలో చిల్లగింజ అరగదీసి, లేదా పటిక తిప్పి తేర్చుకోవచ్చు. వాన కోసం పాత్ర పెట్టే అవసరం ఎవరికి?

పేటకు మాత్రం ఆ అవసరం తీరలేదు. కాలువ పారేటప్పుడు కులం అడగలేదు. రేవు అడిగింది. ఏ రేవులో ఎవరు ముంచుకోవాలి, చెరువు ఏ గట్టున ఎవరు దిగాలి, నూతి దగ్గర ఎవరు దూరంగా నిలబడి పోయించుకోవాలి అన్న కట్టుబాట్లు దేశమంతా ఉన్నట్టే తెలుగునాటా ఉండేవి. మద్రాసు ప్రెసిడెన్సీలో లేబర్ శాఖ 1920ల నుంచి పేటలకు విడిగా నూతులు తవ్వించవలసి వచ్చిందంటేనే ఊరి నూతి అందరిది కాదని అర్థం.

ఈ రోజు మన జిల్లాకు ఎవరి పేరు ఉందో ఆ డాక్టర్ అంబేద్కర్ 1927 మార్చి 20న మహద్ పట్టణంలో వేలమందితో నడిచి వెళ్ళి చవ్‌దార్ చెరువు నీళ్ళు దోసిలితో తాగారు. పశువులు తాగుతున్న చెరువులో మనిషి దోసిలి పెట్టినందుకు ఆ రోజు దెబ్బలు పడ్డాయి. ఆ చెరువు మీద అందరికీ హక్కు ఉందని బొంబాయి హైకోర్టు తేల్చడానికి 1937 దాకా పట్టింది. 1950లో వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో నూతులు, చెరువులు, స్నానఘట్టాల పేర్లు విడిగా రాయవలసి వచ్చింది. అంత రాసినా 1985 జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడులో ఏం జరిగిందో మన పెద్దలకు గుర్తుంది. మాదిగపల్లె వాళ్ళు తాగే నీళ్ళ చెరువును మురికి చేయవద్దని అడిగినందుకు గొడవ మొదలైంది. మరునాడు ఆరుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఇవి పాత పగలు రేపడానికి రాయడం లేదు. క్షమించమని ప్రభువు చెప్పాడు, క్షమిస్తాం. కాని నీళ్ళ చరిత్ర రాస్తూ ఈ పేజీ దాటవేస్తే అది అబద్ధపు చరిత్ర అవుతుంది. మన పూర్వికులకు తాగే నీళ్ళన్నీ ఇంకొకరి గట్టు మీదుగా, ఇంకొకరి దయ మీదుగా వచ్చాయి. ఎవరి అనుమతీ అడగకుండా నేరుగా వారి ఇంటి మీదికి వచ్చిన నీళ్ళు వాన ఒక్కటే. దాన్ని పట్టుకునే కప్పు మాత్రం వారికి లేదు.

కప్పు మారింది

ఆ కప్పు ఇప్పుడు మారింది. 1980ల నుంచి ప్రభుత్వాలు బలహీన వర్గాలకు పక్కా ఇళ్ళు కట్టించాయి. 2006 తర్వాత ఇందిరమ్మ ఇళ్ళు వచ్చాయి. 1996 నవంబరు 6 తుఫాను రాత్రి పాకలన్నీ లేచిపోవడం కళ్ళారా చూసిన తరం, ఎలాగైనా స్లాబు వేయాలని పట్టుదల పట్టింది. వీటన్నిటికీ మించి గల్ఫ్ డబ్బు ఉంది. మన ఆడబిడ్డలు పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదిలి, ఇంకొకరి ఇళ్ళలో ఏళ్ళ తరబడి పనిచేసి పంపిన దీనారాలు, రియాళ్ళు ఈ రోజు పేటల్లో స్లాబులై నిలబడ్డాయి.

కువైట్‌లో ఉన్న మీకు అక్కడి నీళ్ళ చరిత్ర తెలుసో తెలియదో. ఆ దేశానికి నది లేదు. ఒకప్పుడు షత్-అల్-అరబ్ నది నుంచి పడవల్లో తెచ్చిన మంచినీళ్ళు కొనుక్కుని తాగేవారు. 1953లో సముద్రపు నీటిని మరిగించి మంచినీరు చేసే కర్మాగారం మొదలైంది. అంటే మీరు అక్కడ కుళాయి తిప్పి పట్టే నీళ్ళ వెనుక ఎంతో చమురు ఖర్చయింది. సముద్రం మీద సూర్యుడు చేసే పని అక్కడ యంత్రం చేస్తోంది. అదే పని దేవుడు మన ఊరి మీద ప్రతి ఏడూ చేసి, తీసిన మంచినీళ్ళు తెచ్చి మీరు కట్టిన స్లాబు మీదే పోస్తున్నాడు.

ఇంకో దేశం సంగతి. అట్లాంటిక్ సముద్రంలో బెర్ముడా అనే చిన్న దీవి ఉంది. అక్కడా నదులు లేవు. ఇంటి కప్పులు సున్నపురాతితో మెట్లు మెట్లుగా కట్టి తెల్లగా సున్నం వేస్తారు. ఆ నీళ్ళు ఇంటి కింది తొట్టిలోకి దిగుతాయి. కొత్త ఇల్లు కట్టేవారు తొట్టి కట్టి తీరాలని చట్టమే ఉంది. మేషా రాజు ఆజ్ఞ అక్కడ ఇంకా నడుస్తున్నట్టే.

మన దగ్గరా ప్రయత్నాలు జరిగాయి. 2000లో నీరు-మీరు కార్యక్రమం వచ్చింది. 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. 2003లో తమిళనాడు ప్రతి భవనానికీ వాన నీటి ఏర్పాటు తప్పనిసరి చేసింది. 'ఇంకుడు గుంత' అనే మాట ఊరూరా పాకింది. రాయలసీమకు, తెలంగాణకు అది చాలా మంచి మాట. మన దగ్గర మాత్రం కాస్త ఆలోచించి వాడాలి. నల్లమట్టి పల్లంలో వానాకాలం నీరు నేల మట్టానికే ఉంటుంది, గుంత తవ్వినా ఇంకదు. ఇసుక మెరక మీద ఇంకుతుంది. అక్కడ నూతి పక్కన గుంత మంచిదే, ఉప్పు మీద తేలే మంచినీటి పొర బలపడుతుంది. తాగే నీళ్ళకు మాత్రం మనకు కావలసింది ఇంకించే గుంత కన్నా దాచే తొట్టి.

ఈ మాట ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, మన కింద ఉన్న తీపి తరుగుతోంది. బోర్లు పెరిగాయి. వరి చేల పక్కన రొయ్యల చెరువులు వచ్చాయి, వాటి ఉప్పు చుట్టుపక్కల నూతుల్లోకి ఊరుతుంది. శంకరగుప్తం డ్రెయిన్ వెంబడి సముద్రపు పోటు లోపలికి వచ్చి, కేశనపల్లి చుట్టుపక్కల తలలు రాలి మొండాలుగా నిలబడ్డ కొబ్బరి చెట్లను మీరు చూసే ఉంటారు. కొబ్బరి చెట్టు కొంత ఉప్పు ఓర్చుకుంటుంది. అదే తల వాల్చేసిందంటే దాని వేళ్ళ దగ్గర నీరు ఎలా ఉందో ఆలోచించండి. ఎండాకాలంలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు. చెరువు అడుగంటుతుంది. అప్పుడు టిన్ను కొనగలిగిన ఇల్లు ఒకటి, కొనలేని ఇల్లు ఒకటి అవుతుంది. పాత లోగిలి, పాత పాక తేడా ఇంకో రూపంలో తిరిగి వచ్చినట్టే.

లెక్క చూద్దాం

1 చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే అది 1 లీటరు. పేటలో చిన్న ఇల్లు, 60 గజాల స్లాబు అనుకుందాం. అది 50 చదరపు మీటర్లు. మన వైపు ఏడాదికి 1,000 మిల్లీమీటర్లకు పైనే వాన పడుతుంది. అంటే ఆ చిన్న స్లాబు మీద ఏడాదికి 50,000 లీటర్లు.

అంతా పట్టనక్కరలేదు. ఐదుగురున్న ఇంటికి తాగడానికి, వంటకు మనిషికి 5 లీటర్ల చొప్పున రోజుకు 25 లీటర్లు. ఎండాకాలం 100 రోజులకు 2,500 లీటర్లు. స్లాబు మీద పడ్డదానిలో అయిదో వంతు వృథా పోతుందనుకున్నా, 75 మిల్లీమీటర్ల వానకు 3,000 లీటర్లు చేతికి వస్తాయి. ఒక అల్పపీడనం రెండు మూడు రోజులు ముసురు పట్టిస్తే చాలు. వెయ్యి లీటర్ల ట్యాంకులు మూడు ఉంటే ఎండాకాలం మొత్తం గడుస్తుంది.

పద్ధతి పాత లోగిలిలోదే. తొలకరి వానలు స్లాబును కడగనివ్వాలి. వాన మొదలైన కాసేపటి నీళ్ళు బయటికే వదలాలి. స్లాబు మీద కోళ్ళు తిరగకుండా, ఎరువుల బస్తాలు పెట్టకుండా చూసుకోవాలి. గొట్టం మూతికి జల్లెడ కట్టాలి. కంకర, ఇసుక, బొగ్గు పొరలుగా వేసిన డ్రమ్ము గుండా దింపి ట్యాంకుకు పంపాలి. ట్యాంకులోకి వెలుతురు, దోమ దూరకూడదు. వెలుతురు తగిలితే పాచి పడుతుంది, దోమ దూరితే డెంగీ వస్తుంది. అక్టోబరు, నవంబరు వానలకు నింపి మూత బిగిస్తే మార్చిలో తీయవచ్చు. తాగేవి కాచి చల్లార్చుకుని తాగాలి. పాత సిమెంటు రేకుల కప్పు నీళ్ళు తాగడానికి వద్దు, గిన్నెలకు, బట్టలకు, మొక్కలకు వాడుకోండి.

ముందు పాత్ర, తర్వాత నీళ్ళు

మేషా రాజు పేరున్న ఆ 3వ అధ్యాయం మళ్ళీ తెరిచి చూడండి. నీళ్ళు లేక మూడు సైన్యాలు చావబోతుంటే ఎలీషా వానకోసం ఎదురుచూడమనలేదు. లోయ నిండా గోతులు తవ్వమన్నాడు. గాలి లేదు, వాన జాడ లేదు. ముందు గోతులు తవ్వారు, తెల్లారేసరికి నీళ్ళు వచ్చాయి. ఆ తర్వాతి అధ్యాయంలోనే అప్పులవాళ్ళు పిల్లల్ని పట్టుకుపోతారని ఏడ్చిన విధవరాలు ఉంది. ఇరుగుపొరుగు ఇళ్ళలో వట్టి పాత్రలు అడిగి తెచ్చుకోమన్నాడు, తక్కువ తేవద్దన్నాడు. ఉన్న కాస్త నూనె పోస్తూ ఉంటే పాత్రలన్నీ నిండాయి. ఇంకో పాత్ర లేదని కొడుకు చెప్పాక నూనె ఆగింది. నూనె అయిపోయి ఆగలేదు. పాత్రలు అయిపోయి ఆగింది.

మన పూర్వికుల ఇంటిమీద వాన తరతరాలు కురిసింది. పాత్ర లేక పోయింది. ఇప్పుడు పాత్ర ఉంది. ఇన్నేళ్ళ కష్టంతో కొన్న స్లాబు అది. ఇంకా పోగొట్టుకుంటే నేరం మబ్బుది కాదు, ఊరి పెత్తందారుదీ కాదు.

ఒక మనవి. మన ఇళ్ళ కన్నా మందిరం స్లాబు పెద్దది. 120 చదరపు మీటర్ల కప్పు మీద 100 మిల్లీమీటర్లు పడితే 12,000 లీటర్లు. సంఘ పెద్దలు, యువకులు, స్త్రీల సమాజం కూర్చుని ఈ వానాకాలానికి ముందే దీని గురించి మాట్లాడుకోవాలని కోరుతున్నాను. ట్యాంకు ఎక్కడ పెట్టాలి, ఎవరు శుభ్రం చేయాలి, ఎండాకాలంలో ఏ ఇళ్ళకు ముందు ఇవ్వాలి అన్నవి మీరే తేల్చండి. నేను అడిగేది ఒక్కటే. ఆ కుళాయి ప్రహరీ గోడకు బయటి వైపు ఉండాలి. తాళం ఉండకూడదు. వచ్చినవారిది ఏ సంఘం, ఏ మతం, ఏ వీధి అని అడగకూడదు. రేవు దగ్గర ఆగి నిలబడ్డవారి మనవలం మనం. మన కుళాయి దగ్గర ఎవరూ ఆగి నిలబడకూడదు.

ప్రార్థన చేసుకుందాం. తండ్రీ, అందరి మీదా ఒకేలా వాన కురిపించేవాడా, మా తాతలు పట్టుకోలేని నీళ్ళను పట్టుకోవడానికి మాకు కప్పు ఇచ్చినందుకు స్తోత్రం. దూరదేశంలో కష్టపడి ఆ కప్పు వేయించిన మా బిడ్డలను కాపాడు. పట్టుకున్నది దాచుకోవడానికి బుద్ధినీ, పంచుకోవడానికి మనసునూ దయచేయి. ఆమేన్.